అమ్మ పోసినంక

నర్మెట్ట దగ్గర ఒక తండా, మంగళవారం పొద్దున. జైపాల్ ఇంటి ముందర జనం కొబ్బరికాయలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. వాళ్లను జైపాల్ యాడి, అంటే తల్లి, కూర్చోబెడుతోంది. ఇంటి వెనక పత్తికట్టె కుప్ప చాటున ఆశ వర్కర్ సౌందర్య జైపాల్‌ను పట్టుకుంది. ఇట్లా జనం రావడం మొదలయ్యాక ఆమె ఈ ఇంటికి రావడం ఇది నాలుగోసారి. ఈసారి ఉత్త చేతులతో తిరిగి పోగూడదని గట్టిగా అనుకునే వచ్చింది.

"...ఇయ్యాల మాత్రం గాదక్కా. మంగళారం. కాటారం నుంచి జీపు కట్టుకొని వచ్చిన్రు, చూస్తలేవా?"

"మొన్న శుక్రారం అన్నవ్. అంతకుముందు అమాస అన్నవ్. నూటెనిమిది బండిని తండా మలుపు కాడ నిలబెట్టి వచ్చిన జైపాల్. అర్ధగంట ఆగుత అన్నడు డ్రైవరు. నీ పెండ్లాన్ని బయటికి తోల్కరా."

"జర మెల్లగ మాట్లాడు. మా యాడి ఇంటది."

"ఇననియ్యి. మీ యాడికి నేనే చెప్త. ప్రియది పూనకం గాదు, జరం మెదడుకెక్కింది అని..."

"అమ్మ పోసింది అక్కా. ఒళ్లంత పొక్కులు. నువ్వు గూడ చూసినవ్."

"ఏడ చూడనిచ్చిన్రు? గడపకు యాపమండ కట్టి తొమ్మిదొద్దులు ఎవ్వలూ రావద్దన్నరు. తలుపు సందుల నుంచి గోలీలు ఇయ్యబోతే మీ యాడి నా మీద పసుపునీళ్లు జల్లింది. అమ్మ పోసిన ఇంట్ల మందు పేరెత్తితే అమ్మకు కోపమొస్తదన్నది."

"పొక్కులు తగ్గినయ్ గద. తొమ్మిదో దినం తానం పోసినం, జరం ఇడిచింది."

"జరం ఇడిచింది. మరి మనిషి?"

"మనిషి... మంచిగనే ఉన్నది."

"మంచిగనే ఉన్నదా? నా మొఖం చూసి చెప్పు."

"నవ్వింది అక్కా. ఊకె నవ్వింది. మూడు దినాలు కన్ను మూయలే. నాలుగో దినం సోమ్లా మామ వచ్చి బర్రె తప్పిపోయిందంటే, చెరువెనక ఉన్నదన్నది. ఆడనే దొరికింది."

"బర్రె చెరువు కాడ గాక ఇంకేడికి పోతది?"

"గది నాకు తెల్సు. తండకు చెప్పు పో."

"జైపాల్! ఏడున్నవ్ రా? మానుకోటోళ్లు వచ్చిన్రు, చాపలు తే!"

"వస్తున్న యాడీ! ...ఇన్నవా? ఇగ నన్ను పోనియ్యి అక్కా."

"పోనియ్య. ఊగినప్పుడు ప్రియ నాలుక కొరుక్కున్నది. బట్టలు తడుపుకున్నది. అవునా కాదా?"

"అవును."

"జనగామ డాక్టర్‌కు అన్నీ చెప్పిన. గది పూనకం గాదు, మూర్ఛ అన్నడు. గా వైరస్‌కే మెదడు వాసింది, వాపుకే మనిషి మారిపోయింది అన్నడు. ఎంత ఆలిశమైతే అంత చేతుల్లకెళ్లి పోతదన్నడు. వరంగల్ల బెడ్డు గూడ చెప్పి పెట్టిండు. ఇప్పటికే నెలన్నరాయె."

"నెలా పద్దెనిమిది దినాలు."

"లెక్క పెట్టుకుంటున్నవ్ మరి!"

"పెట్టుకోకుంట ఎట్లుంట?"

"మరెందుకు ఆపుతున్నవ్? వాళ్లు తెచ్చే చీరెలకా, బియ్యానికా?"

"నా బిడ్డ మీద ఒట్టక్కా, ఒక్క గింజ ముట్టలే. అన్నీ యాడి పంచిపెడుతది. నాకు వేరే భయం."

"ఏం భయం?"

"గిప్పుడు అందరు కాళ్లు మొక్కుతున్నరు. దవాఖానకు తోల్కపోయి, గా వార్డుల పండవెడితే, రేపటి సంది ఏమంటరు? పిచ్చిది అంటరు. డిగ్రీ చదివిన పిల్ల. తండల అందరి జాకెట్లు కుట్టిన పిల్ల. ఒక్కసారి ఆ పేరు పడ్డదంటే చచ్చేదాక పోదు. అమ్మ అనుకోనియ్యి. అమ్మంటే మర్యాదనన్న ఉన్నది."

"మర్యాదనా? కన్నబిడ్డను పట్టుకొని, ఎవలి పిల్ల నువ్వు అని అడుగుతుందంట గద?"

"నీకెవలు చెప్పిన్రు?"

"నీ బిడ్డనే చెప్పింది. అంగన్‌వాడీల నా కొంగు పట్టుకొని, మా అమ్మకు నేను యాదికి లేను అన్నది. ఐదేండ్ల పిల్ల జైపాల్."

"ఆపు అక్కా."

"ఆప. మీ యాడి ఏమన్నదంట? అమ్మకు సొంత పిల్లలుండరు, అందరు పిల్లలే అన్నదంట. గా మాట పిల్లకు ఏం సమజైతది?"

"ఆపు అంటున్న! నాకు తెల్వదా? తెల్లారంగ నా చెయ్యి గట్టిగ పట్టుకుంటది. భయమైతుంది, నన్ను ఎవ్వలికీ చూపియ్యకు అంటది. ఎండ పొడిచేసరికి మల్ల మర్సిపోతది. అమ్మవారికి భయమెందుకైతది అక్కా? గప్పుడు తెలుస్తది నాకు, లోపట ప్రియనే ఉన్నదని."

"మరి గా ప్రియనే బయటికి తీద్దాం. లే."

"దవాఖానకు పోతే మంచిగైతదా? నీ కొడుకు మంచిగయ్యిండా?"

"నా కొడుకు ముచ్చట తీస్తున్నవా జైపాల్?"

"తప్పైంది అక్కా. నోరు జారింది."

"జారనియ్యి. ఉన్నదే అన్నవ్. కరోనా వచ్చి పోయినంక మా రాకేశ్‌కు గిట్లనే నిద్ర పట్టకుంటైంది. ఫోన్ల ఎవలో ఇంటున్నరని సిమ్ములు ఇరగ్గొట్టిండు. ఊరందరి జరాలు చూసేదాన్ని, నా కొడుకుది రోగమని నాకు తెల్వలే. ఎవలో పోరి మీద మనసు పడ్డడు, గదే బాధ అనుకున్న. ఆర్నెల్లకు తోల్కపోయిన."

"గోలీలు ఏసినవ్ గద మరి."

"మూడేండ్లు నా చేతితోని ఏసిన. సగం మనిషి మర్లి వచ్చిండు. సగమే. కని ఆ సగం నా పక్కన కూసొని బువ్వ తిన్నడు, అమ్మా అని పిలిచిండు. గది తక్కువనా? పోయిన దసరాకు ఇంట్ల నుంచి ఎల్లిపోయిండు. మానుకోట టేషన్ల చూసినమన్నరు. నెల దినాలు గా ప్లాట్‌ఫారం మీద ఫోటో పట్టుకొని తిరిగిన. లేడు."

"ఇప్పటిదాక ఏం తెల్వలేదా?"

"ఉన్నడో లేడో గూడ తెల్వది. ఇగ నా ముచ్చట ఇడువు. ఆర్నెల్లు ఆగి నేను సగం కొడుకును పోగొట్టుకున్న. నువ్వు ఆగకు."

"నిజం చెప్పక్కా. ప్రియ మర్లుతదా?"

"చెప్పలేమన్నడు డాక్టరు. సగమో, పావో. ఇయ్యాల పోతే పావన్న దొరుకుతది. గిట్లనే ఉంచితే గది గూడ లేదు."

"పావు..."

"తెల్లారంగ నీ చెయ్యి పట్టుకుంటది చూడు, గంత."

"...సరే. యాడి ముందట చాపలేసే పనిల ఉన్నది. ఎనుక తలుపు నుంచి తీద్దాం. పెనుగులాడుతది, నువ్వు కాళ్లు పట్టుకుంటవా?"

"పట్టుకుంట."

"సంచి గాడ పెట్టు మరి. గంత బరువు ఏం మోసుకొచ్చినవ్?"

"రిజిస్టర్లు."

"అయ్యో, పడ్డది. రిజిస్టర్లు గిట్ల దొర్లుతయా... అక్కా. గిదేంది? కొబ్బరికాయనా?"

"ఇటియ్యి."

"పసుపు రాసి ఉన్నది. ఎవలిది?"

"నాదే. ఇటియ్యి జైపాల్."

"నీదా? డ్రైవరు హారన్ కొడుతుండు అక్కా. బండి ఎనుకకు తిప్పుతుండు. నడువు!"

"కొట్టనియ్యి. జర తలుపు తియ్యి, నన్ను ఒక్కదాన్ని లోపటికి పోనియ్యి. ఒక్కటే మాట అడుగుత. మా రాకేశ్ ఉన్నడా అని."

"నువ్వే గద రోగమన్నవ్! ఇప్పటిదాక నువ్వే గద..."

"రోగమే. కాదంటున్ననా? మూడుసార్లు వచ్చిన, మూడుసార్లు కాయ తెచ్చిన, అడుగనీకె మొఖం చెల్లక తిరిగి తీస్కపోయిన. ఇయ్యాల ఆమె బండెక్కి పోతే, ఇగ నాకు చెప్పేటోళ్లు ఎవలు జైపాల్?"