లైన్లో మొదటి పాఠకుడు

గ్రంథాలయంలో కొత్త నవల మీద సంతకాలు చేసే బల్ల దగ్గరికి ఒక్కరూ రావడంలేదు. రచయిత్రికి గుబులు పట్టుకుంది. ఎప్పటిలాగే ఒప్పందం ప్రకారం ఆమె భర్తే ముక్కూమొహం తెలియని పాఠకుడిలా పుస్తకం పట్టుకొచ్చి నిలబడ్డాడు.

"నవల అద్భుతం, మేడమ్!"

"ఇంకాస్త గట్టిగా పొగడండి," గొణిగిందామె.

"ఇందులో ఆ గురకపెట్టే మొగుడెవరండీ?"

"ఈ ప్రశ్న మనం అనుకోలేదే! అదంతా కల్పితం."

"అత్తగారింట్లో కుర్చీ విరగ్గొట్టడం కూడా కల్పితమేనా?"

"మీరు... చదివారా?"

"ఇన్నాళ్లూ చదవకుండానే పొగిడాను. ఈసారి బుద్ధి గడ్డి తిని చదివాను! ఆ కుర్చీ కాలు ముందునుంచే ఊగుతోందని రాయలేదేం?"

ఆ కేకకి హాల్లో జనమంతా ఇటు తిరిగారు. ఒక్కొక్కరే పుస్తకం తీసుకుని అతని వెనక చేరారు.

"ఇంటికెళ్లాక మీ కాళ్లు పట్టుకుంటాను," అందామె, వాళ్లవైపే చూస్తూ. "ముందు ఆ గురక సంగతి కూడా ఇలాగే అరవండి. లైను పెరుగుతోంది!"