పైనుండే పేరు

"ఆ ఓబుళేశు నా కొంప ముంచినాడు. ఫోను అమ్మినోడు మంచి సెర్చి ఇంజన్ పెట్టియ్యల్ల గదా?"

కడప పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, బద్వేలు బస్సులో కూతురి పక్కన కూర్చున్నాక ఆయన అన్న మొదటి మాట అది.

"ఏది కావల్లని కొత్త ఫోను మనల్నే అడుగుతాది నాయనా. ఆయప్ప నీకు చూపియ్యల్యా?"

"చూపిచ్చినాడు. అంగట్లో పదిమంది ఉండారు."

"ఉంటే?"

"అన్నీ ఇంగ్లీషు పేర్లు. అద్దాలు పెట్టుకోని, చదివినట్టు తలూపి, పైనుండేది నొక్కినా."

"మరి బ్యాంకోళ్ల ఫోను నంబరు కోసం ఫోన్లో నోటితో అడిగినప్పుడు?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"అప్పుడూ పైనుండేదే నొక్కినా."

"అది ప్రకటన నాయనా. పక్కనే రాసుంటాది."

"ఆ నంబరుకు చేస్తే, ఎత్తినోడు బ్యాంకోడి మాదిరే శానా మర్యాదగా మాట్లాడినాడు. కార్డు మీదివీ, ఫోనుకొచ్చినవీ, అడిగిన అంకెలన్నీ చెప్పేస్తి."

"నేను ఇంట్లోనే ఉంటి గదా. పిలిచింటే చదివి చెప్పనా?"

"నాకు ఇంగ్లీషు రాదని నీకు తెలిసిపోతాదని..."

"నాకు చిన్నప్పటినుంచీ తెలుసు నాయనా."

బస్సు మైదుకూరు దాటింది.

"మీయమ్మకు ఏమని చెప్పల్ల?"

"ఏం పోయిందో అదే చెప్పు."

"చేను అమ్మిన దుడ్డంతా పోయింది. ఎకరా ముప్పై సెంట్లు."