మద్రాసు నుంచి గణపవరానికి కారు కిరాయి

"కారు కొనడంలో గొప్పేముందండీ, డబ్బున్నవాడెవడైనా కొంటాడు. దాన్ని మద్రాసు నుంచి ఇక్కడికి చవగ్గా తేవడంలో ఉంది తెలివంతా," అంటూ అచ్యుతరావు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

తాడేపల్లిగూడెం స్టేషను ఎదుట గంగాభవాని టీ కొట్టు అది. బయట వాన పడుతోంది. అచ్యుతరావు రైసుమిల్లులో గుమాస్తా. గదికి పోతే పలకరించే మనిషి లేడు గనక, మిల్లు కట్టేసింది మొదలు చీకటిపడేదాకా ఆ బల్ల మీదే ఉంటాడు. ఆవేళ వినడానికి జట్కా తోలే సూరిబాబూ, గణపవరం బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడా దొరికారు.

"కారు కొన్నాక ముందు రైలు వాళ్ళ దగ్గరికెళ్ళాను. కారొక్కదానికీ వ్యాగను మొత్తం కిరాయి కట్టమన్నాడు గుమాస్తా. దెబ్బ తగిలితే రైల్వే పూచీ అంటే ఒక రేటు, మన పూచీ అంటే ఇంకో రేటు. సరే చూద్దాంలే అని హార్బరుకెళ్ళాను. స్టీమరు కిరాయి వింటే చవకే. కానీ బందరులో స్టీమరు ఒడ్డుకి రాదు కదండీ, సముద్రంలోనే ఆగుతుంది. అక్కడ పడవలోకి దింపే కూలీ, ఇక్కడ ఎక్కించే కూలీ కలిపి చూస్తే రైలునే మించిపోయింది. పోనీ రోడ్డున తోలుకొద్దామా అంటే పెట్రోలు, డ్రైవరు బత్తా, కృష్ణ దగ్గర బల్లకట్టు. అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

"చెప్పండి," అన్నాడు సూరిబాబు.

"కాలవ. మద్రాసు నుంచి బెజవాడ, బెజవాడ నుంచి ఏలూరు, అంతా కాలవే. ఉప్పు దింపేసి ఖాళీగా వచ్చే పడవవాడిని పట్టుకున్నాను. రైలు వాడు చెప్పినదాంట్లో సగానికి సగం. ఈ లెక్క చెబితే ఆ రైల్వే గుమాస్తా లేచి నిలబడి తన కుర్చీ నాకు వేశాడు."

"అంతవరకూ నమ్మొచ్చులెండి," అంది గంగాభవాని పాలు కాస్తూ.

"నమ్మక ఏం చేస్తావు. ఒంగోలు దాటాక గాలి పడిపోయింది. పడవ వాళ్ళు గట్టు మీద తాడు పట్టి లాగి లాగి కూలబడ్డారు. నేను చూశాను. కారు వెనక చక్రాలు నీళ్ళకి ఆనేలా జరిపించి, వాటికి తెడ్లు కట్టించి, ఇంజను స్టార్టు చేశాను. ఇంకేముంది, కలకత్తా మెయిలు గట్టున పోతోంటే దాన్ని దాటేశాం. డ్రైవరు టోపీ తీసి నాకు దణ్ణం పెట్టాడు."

"లాకుల దగ్గరో?" అన్నాడు సూరిబాబు.

"లాకు తలుపులు తీసేదాకా ఎవడాగుతాడు, పైనుంచి దూకించేశాను. ఏలూరు వచ్చాక, అడ్డదారి కదా అని కొల్లేట్లోకి తిప్పాను. ఆ వేగానికి నీళ్ళు రెండు పక్కలా గోడల్లా లేచి, కొర్రమీనులు వచ్చి వెనక సీట్లో పడ్డాయి. సరిగ్గా సరస్సు నడిమధ్య పెట్రోలు అయిపోయింది. చుట్టూ మనిషి లేడు. ఎంత అరిచినా నా గొంతు నాకే వినపడుతోంది."

అచ్యుతరావు గ్లాసు ఎత్తి, ఖాళీదని చూసి మళ్ళీ పెట్టాడు. సూరిబాబు బీడీ నుసి దులుపుతూ, "ఆ తర్వాత?" అన్నాడు.

"గూడబాతులు. వెనక సీట్లో చేపలున్నాయి కదా, వాటికి ఎర చూపించి, వచ్చినదాన్ని వచ్చినట్టు తాళ్ళతో బానెట్టుకి కట్టేశాను. నూరు పక్షులు ఒక్కసారి రెక్క విదిలిస్తే పడవా కారూ నేనూ గాల్లో ఉన్నాం. చేలూ, తాటితోపులూ అన్నీ కిందే. తిన్నగా గణపవరం మీదికి వచ్చాను. చూద్దును కదా, డాబా మీద మా ఆవిడ వడియాలు పెడుతోంది. కారు చప్పుడు విని తల పైకెత్తింది. కారు తెస్తానన్నాడు, తెచ్చాడే అనుకుంటూ నవ్వి..."

"అల్లుడుగారూ," అంది పెద్దావిడ.

అచ్యుతరావు అటు తిరిగాడు.

"నన్ను గుర్తుపట్టలేదు మీరు. మీ ఆవిడ శేషారత్నం వాళ్ళ ఎదురింటి వెంకటనరసమ్మని. మీ పెళ్ళిలో వడ్డన నాదే. మాటని బట్టి మీరేనా అనుకుంటున్నాను ఇందాకట్నుంచీ. ఆ డాబా ఇప్పుడు లేదండీ. మొన్నటి తుఫాను వర్షాలకి కూలిపోయింది. వెనక పెంకుటింట్లో ఉంటున్నారు వాళ్ళు."

అచ్యుతరావు బల్ల మీంచి సగం లేచాడు. "రత్నం..." అన్నాడు.

"తనకేం కాలేదు. దొడ్లో ఉంది అప్పుడు. మీకు కబురు పంపుదామని వాళ్ళన్నయ్య అంటే, తనే వద్దంది."

గంగాభవాని పాలగిన్నె దించింది. సూరిబాబు బయట తడుస్తున్న గుర్రం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"కారులో వచ్చి తీసుకెళ్తానని వాళ్ళన్నయ్యతో పంతంపట్టి వెళ్ళారు మీరు. రత్నం కారు అడగలేదు బాబూ," అంది వెంకటనరసమ్మ, గొంతు పెంచకుండానే. "మద్రాసు నుంచి కారు రావడానికి ఇన్ని రేట్లు కనుక్కున్నారు. గూడెం నుంచి గణపవరానికి మనిషి రావడానికి ఎంతో ఎప్పుడైనా కనుక్కున్నారా?"

బస్సు వచ్చి ఆగింది. ఆవిడ చీర చెంగు తల మీద కప్పుకుని, సంచీ పట్టుకుని ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, సంచీ ఒళ్ళోకి తీసుకుని పక్కన చోటు చేసింది. అచ్యుతరావు వానలోకి నడిచి ఫుట్‌బోర్డు దాకా వెళ్ళాడు.

"గణపవరానికి ఎంతండీ?"

"ఆరణాలు. ఎక్కుతారా?" అన్నాడు కండక్టరు.

అచ్యుతరావు జేబులో చెయ్యి పెట్టాడు. చిల్లర ఉంది. పెంకుటింటి గుమ్మంలో నిలబడి మొదట ఏం అనాలో ఎంత వెతికినా దొరకలేదు. కండక్టరు ఇంకొంచెం చూసి రైట్ అన్నాడు.

తిరిగొచ్చి బల్ల మీద కూర్చుంటే గంగాభవాని అడక్కుండానే ఇంకో టీ ఇచ్చింది. అతను తాగకుండా పట్టుకున్నాడు.

"మళ్ళీ బస్సెప్పుడు?"

"రేపు పొద్దున్నేనండీ."

"రేపు పొద్దున్న మిల్లులో పనుంది నాకు," అన్నాడు అచ్యుతరావు.

మర్నాడు మిల్లుకి సెలవని అక్కడ అందరికీ తెలుసు.