పొయ్యెక్కని కాపీ

సొంబరి ఉంది సూడండి, అరకు అవతల కొండూరి ముసల్ది, దానికి కాపీ పడందే మంచం దిగదంట. ఏటి తక్కువ, పెరడంతా కాపీ మొక్కలే. పళ్లు కోసుకోడం, ఎండేసుకోడం, మంగలంలో గింజలు ఏపుకోడం అన్నీ దానికదే. కాసి ఇచ్చీది మాత్రం కోడలు పుల్మతి. ఒకనాడు ఏమైందంటే, పుల్మతి కాపీ పొయ్యి మీదెట్టి పక్కింటిదానితో కబుర్లలో పడిపోనాది. కాపీ పొంగి పొయ్యి ఆరిపోనాది. ముసల్ది సూసి, మీయమ్మ నీకు కబుర్లే నేర్పిందేటే, పొయ్యి కాడ కూకోడం నేర్పలేదేటి అన్నాదంట. అమ్మనంటే ఎవలూరుకుంటారు. బాగులేకపోతే నీ కూతురింటికెల్లి తాగు అత్తా అనీసింది పుల్మతి. అంతే, ముసల్ది లేచి ఈదంతా సూస్తుండగా పొయ్యి రాయి మీద చెయ్యేసి, ఇనండర్రా, ఈ పొయ్యి మీద కాగిన కాపీ నా గొంతు దిగితే నాను సొంబరినే కాదు అనీసింది. ఆ ఊళ్లో పొయ్యి మీద చెయ్యేసి అన్నమాటంటే ఆటకాదు. తప్పితే నలుగురిలో మాట పడాల, ఊరందరికీ కూడెట్టాల.

మరి అన్నం తిందా అంటారేటి. తింది. అంబలీ తాగింది. అదేటి పిన్నీ, అదీ ఆ పొయ్యి మీదదే గదా అని పక్కింటిది ఎగతాళి సేస్తే, నానన్నది కాపీ, కూడన్నానా అన్నాదంట. నోరలాటిది. గానీ మర్నాటికి తల పగిలిపోతంది. గుడ్డ బిగించి కట్టుకుని ఆ పక్కింటికే ఎల్లి, ఓ గుక్క కాపీ ఉందేటే అన్నాది. నీకిస్తే ఇల్లు చీల్చీసినానని నీ కోడలు నన్నంటాది, నాకెందుకు పిన్నీ అని తలుపేసీసింది అది. కొడుకున్నాడు గదా అంటారేమో. మగోళ్లు ఇలాటప్పుడు గొడ్లకి నీళ్లెట్టడానికి ఎల్తారు. ఆడూ ఎల్నాడు. ఇంకేటి సేస్తాది, ముసల్ది కోకలు మూటగట్టి, రేపు సంత జీపెక్కి కూతురింటికి పోతానన్నాది.

పుల్మతికి ముసల్దాన్ని ఎలాగైనా ఆపాలనిపించింది. ప్రేమనుకోకండి. చింతపండు కాలం, కొట్టి గింజ తీసీ చెయ్యి ముసల్దానిదే. పైగా అత్తని తరిమీసిందని ఊరు జన్మంతా అంటాది. కాళ్లట్టుకుందామంటే, కాళ్లట్టుకుంటే ఒట్టు పోదు గదా. అలా అంబలి కుండ కాడ కూకుని ఆలోచిస్తంటే తట్టింది అనుకోండి. అంబలికి చోడి పిండి నానేస్తే తెల్లారికి సారమంతా నీళ్లలోకి దిగుతాది, కాపీకేటి రోగం. ముసల్ది ఏపుంచిన గింజలే తీసి, మెత్తగా దంచి ఊట నీళ్లలో కలిపీసింది. సాయంత్రం సూస్తే బురద. నోట్లో ఏసుకుని ఊసీసింది. మల్లీ దంచింది, ఈసారి నూకలాగ బరకగా. పల్చటి గుడ్డలో వదులుగా మూటగట్టి, ఆనపకాయ బుర్రలో నీళ్లు పోసి, అందులో దించి చూరు కింద ఏలాడదీసింది. కదపలేదు, పిండలేదు. పిండితే చేదు దిగుతాదని దానికెలా తోచిందో.

తెల్లారి ముసల్ది మూట చంకనెట్టుకుని గడప దాటతంటే, ఇది బుర్రలోది గ్లాసులోకి వంచి, బెల్లం కలిపి, తాగి ఎల్లు అత్తా అన్నాది. వాసన తగిలి ముసల్దాని కాళ్లు ఆగిపోనాయి.

"నా ఒట్టు తీసీడానికి సూస్తన్నావేటే?"

"పొయ్యి సూసుకో అత్తా."

ముసల్ది మూటతోనే ఎనక్కొచ్చి, వొంగి పొయ్యి బూడిదలో చెయ్యెట్టింది. చల్లగుంది. గ్లాసట్టుకుంది, అదీ చల్లగుంది.

"మరి గింజలు ఏ పొయ్యి మీద ఏపినావు?"

"నువ్వే ఏపినావు, నీ చేత్తో, ఒట్టెయ్యకముందే. కాగిన కాపీ అన్నావు గానీ, ఏగిన గింజలన్నావేటి?"

"అన్లేదు పిన్నీ, నానూ ఇన్నాను" అని పక్కింటిది గోడవతలనుంచి.

ముసల్ది ఓ గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. చేదు లేదు, వగరు లేదు, గెడ్డ నీరు పారినట్టు దిగిపోనాది. చప్పగుంది అన్నాదంట, గ్లాసు అడుగుదాకా తాగీసి. కింద జీపోడు హారన్ కొడతన్నాడు. ముసల్ది ఇనబడనట్టు మూట దించీసి, రేపు ఇంకో గుప్పెడెక్కువెయ్యి, పిసినారిదానా అని చింతపండు కాడ కూకుంది.

అలాగ ఇల్లు నిలబడింది, ఒట్టూ నిలబడింది. ఏసంగంతా ముసల్ది హాయిగా తాగింది. తరవాత ఏమైందంటే, పుష్యమాసం చలొచ్చింది. గడ్డి మీద మంచు పేరుకునీ చలి. కోడలు పొయ్యి కాడ కూకుని ఏడేడి కాపీ ఊదుకుంటూ తాగతంటే, ముసల్ది గొంగడి కప్పుకుని, దవడలు కొట్టుకుంటూ చల్ల కాపీయే తాగిందంట. మాట మాటే గదా. అంచేత ఒట్టేసీవోళ్లు కాలం సూసుకుని ఎయ్యండి. నానైతే ఏ ఒట్టూ ఎయ్యలేదు, ఎవలైనా లేచి పొయ్యి ఎలిగించండర్రా.