గెలుస్తామని అనకూడని ఇల్లు

"మామ్మా, పుట్‌బాల్ ఆట ఉన్నరోజు అందరూ లోపల టీవీ ముందర ఉంటారు కదా, రమణ బావొక్కడూ బైట అరుగు మీద ఎందుకు కూకుంటాడు? పెద్దనాన్నకి బావంటే ఉంకా కోపమేనా?"

కోపమా? ఎవలికి, మీ పెద్దనాన్నకా? ఓసి, నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాది గౌరీ. కోపమే ఉంటే అరుగు మీద ఆడు కూకునే ఆ కుర్సీలో మెత్త ఎవలేసారనుకున్నావు? మీ పెద్దనాన్నే. టెక్కలి ఎల్లి మరీ కొనుక్కొచ్చాడు. ఈ ఇంటో నాకే మెత్త లేదు. ఇలగ కూకో. ఆ సెల్లు గూట్లో పెట్టు, కాదులే, నా పక్కనే పెట్టు, నా మాటలు అందులో పడాలంతన్నావు కదా. రేపు నువ్వు ఇసాపట్నం ఎల్లాల, ఉజ్జోగానికి ఇంటరవ్యూ అంతన్నావు, పెందరాలే పడుకోవాల. బేగి సెప్పీస్తాను.

ముందల నీకు మన పేట సంగతి తెలవాల. మీ నాన్నకి ఎచ్చెర్లలో ఉజ్జోగం, నువ్వక్కడే పుట్టి అక్కడే సదువుకున్నావు, నీకెలగ తెలుస్తాది. ఇక్కడ మన భావనపాడులో వేటకెల్లే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. సేపలు బాగా పడతాయి అని అసలనకూడదు. అన్నావో, ఆ రోజుకి వల ఖాళీయే. మీ తాత తెప్ప నీట్లోకి తోసినప్పుడు నాను ఒడ్డున నిలబడి ఏటనీదాన్నో తెల్సా? "ఈయాల నీకేటీ పడవులే, ఒట్టి సేతులతోటే వస్తావు" అనీదాన్ని. ఆయన వెనక్కి తిరిగి సూసి నవ్వీవోడు. ఆ నవ్వు కోసమే నాను ఉంకో రెండు మాటలు ఎక్కువ అనీదాన్ని. వల సిరిగిపోతాది, తెప్ప తిరగబడతాది, నీకు సేపని పట్టడం ఎవలు నేర్పారు, ఇలగన్నమాట. అప్పట్లో కవల్లు సేపలు గంపెడు రూపాయే, అది నెత్తినెట్టుకోని మీ పెద్దనాన్నని సంకనెట్టుకోని టెక్కలి దాకా నడిసీదాన్ని, ఆ సంతలో ఒకావిడ ఉండేది, కవల్లు తూకం కాడ నాతో రోజూ తగువే... ఏటి సెప్తన్నాను? ఆఁ, నోటిమాట. మంచిమాట కడుపులో దాసుకోవాల. సెడ్డమాట పైకి అనీయాల. సముద్రం ఇంటాది మరి.

ఇప్పుడు మీ పెద్దనాన్న ఎర్రయ్య. మా పెద్దోడు కేరళ బోట్ల మీద సానా ఏళ్ళు పని సేసాడు కదా. అక్కడోళ్ళకి పుట్‌బాలంటే పిచ్చట. బోటు ఒడ్డుకొచ్చిందంటే సాలు, వల ఆరెయ్యకముందే కాళ్ళ కాడికి బంతి వచ్చీవలసిందేనట. ఈడికీ అంటుకున్నాది. మోకాళ్ళు పట్టీసి ఇంటికొచ్చీసాడు, వస్తా వస్తా ఏటి తెచ్చాడు? పెళ్ళానికి సీర తెస్తాడనుకున్నాం. పసుపు సొక్కా ఒకటి తెచ్చాడు. అక్కడి జట్టోళ్ళు ఏసుకునే సొక్కా అట, ఈడే ఏసుకోడానికి. మీ పెద్దమ్మ దాన్ని ఇప్పి సూసి, మడత పెట్టి, మూడు రోజులు మాట్లాడలేదు ఈడితోటి.

తరవాత ఆ జట్టు ఆడే లీగు ఆటలు ఆ ఏడాదికి టీవీలో మొదలయ్యాయి. పేటలో కుర్రగుంటలు కూడా సానామంది కేరళ ఎల్లొచ్చినోళ్ళే, ఆల్లకీ ఆ జట్టే. మనింటో టీవీ పెద్దది. ఆట ఉందంటే దీపాలెట్టేవేళకి నాను కాలు సాపుకోడానికి సోటుండదు. బొరుగులు, పకోడీలు, ఆ కేకలు, ఇల్లంతా సంతే అనుకో.

అయితే ఆట మొదలయ్యే ముందర ఓ పద్ధతి ఉన్నాది. వరసగా అందరూ ఏటవుతాదో సెప్పాల. మీ పెద్దనాన్న ముందు. "ఓడిపోతాం" అంతాడు. తరవాత పక్కింటి సూరిగాడు, బోటు నడుపుతాడే, ఆడు. "ఓడిపోడవేటి, నాలుగు గోల్లు తింటాం" అంతాడు. ఉంకొకడు గోలు కాసే మన గోలీకి రేచీకటి అంతాడు. ఉంకొకడు ఆ ముందాడేవోడికి కాలికి బంతి కనపడదు, బంతికి కాలు కనపడదు అంతాడు. కొత్తోడెవలైనా ఇంటే ఈల్లు ఎదర జట్టు మనుసులనుకుంతాడు. కడుపులో మటుకు అందరికీ గెలవాలనే. ఆట అయ్యాక, గెలిచారనుకో, ఒడ్డున టపాసులు. ఓడిపోయారనుకో, నాను ముందే అన్నాను కదా అని ఎవడికాడు గొప్పలు. ఎటుపోయినా ఆల్లకి సంబరమే.

మరి ఎర్రయ్య కూతురు, మీ పద్మక్క సంగతి నీకు తెలిసిందే. ఎచ్చెర్లలో మీ ఇంటో ఉండే కదా పెద్ద సదువు సదివినాది, అక్కడే ఈ రమణ కలిసాడు. శృంగవరపుకోటలో ఆల్ల నాన్నది బెల్లం కొట్టు. సేప వాసన తగలని కొంప. సేసుకుంటే ఆడినే సేసుకుంతానన్నాది. మీ పెద్దనాన్న పెళ్ళికి వచ్చాడు, అచ్చింతలు ఏసాడు, నోరు మటుకు ఇప్పలేదు. అల్లుడు ఇంటికొస్తే, మనిషి ఎదురుగుండా కూకోనుండగానే, "పద్మా, మీ ఆయన్ని కాఫీ తాగమను" అనీవోడు. "మీ ఆయనకి మజ్జిగ కావాలేమో అడుగు" అనీవోడు. ఆ గుంటడు తల వంచుకోని తాగీవోడు. పద్మ వంటింట్లో నా ఒళ్ళో తలెట్టుకోని ఏడిసీది. "మామ్మా, నాన్న ఆయన్ని తిట్టినా బాగున్ను. ఆయనతోటి ఒక్కమాట మాట్లాడితే సాలు నాకు" అనీది. నాను దాని తల నిమిరి ఊరుకోబెట్టీదాన్ని. కానీ ఎర్రయ్య నా కడుపున పుట్టినోడే, ఆడి మొండితనం నాకు తెల్దా, నా మొండితనమే కదా.

అప్పుడు పద్మే ఉపాయం పన్నినాది. నాన్నకి పుట్‌బాలంటే పేనం కదా, ఆట రోజున తీసుకొస్తాను, పక్కపక్కన కూకుంటే మాట అదే వస్తాది అన్నాది. బాగానే ఉన్నాది అన్నాను. ఆ రోజు పెద్ద ఆట. ఎదర నీలం సొక్కాలోళ్ళు. సరి సమానమైనా మనోళ్ళు పైకెల్తారట, ఓడిపోతే మటుకు ఆ ఏడాదికి మూటా ముల్లే సద్దుకోడవే. రమణ కొత్త పసుపు సొక్కా ఏసుకోని, బెల్లం దిమ్మ ఒకటి సేతిలో పట్టుకోని వచ్చాడు. ఎక్కడ కొన్నాడో ఆ సొక్కా, ఆడిది ఆడికే వదులు. మీ పెద్దనాన్న సొక్కాని సూసాడు, మనిషిని సూడలేదు. అయినా జరిగి కాస్త సోటిచ్చాడు. నాను పద్మకేసి సూసాను, పద్మ నాకేసి సూసినాది. సగం పని అయిపోయిందనుకున్నాం.

వరస మొదలయ్యినాది. ఓడిపోతాం, నాలుగు తింటాం, గోలీకి రేచీకటి, అన్నీ అయిపోయాయి. రమణ వంతు. పద్మకి ఈ సంగతి ముందర సెప్పాలని తోచలేదు, పుట్టిన కాణ్ణించి ఇలగ సెడ్డమాటలే ఇంటన్నాది కదా, అందరిళ్ళలోనూ ఇంతే అనుకున్నాది. ఈ గుంటడు లేచి నిలబడ్డాడు, ఇస్కూల్లో పాఠం అప్పసెప్పినట్టు. "మనమే గెలుస్తాం మావయ్యగారూ. మూడు గోల్సు కొడతాం. వాళ్ళకి ఒక్కటి కూడా రాదండి" అన్నాడు.

ఇంకేటున్నాది. మీ పెద్దనాన్న బుజం మీద తువ్వాలు తీసి టీవీ మీద కప్పీసాడు, దానికి ఇనపడకూడదన్నట్టు. తీసీమని సూరిగాడు బతిమాలితే అప్పుడు తీసాడు. అప్పటికి ఆట మొదలయ్యిపోయినాది, మేవు సరిగ్గా సర్దుకోని కూకోకముందే నీలం సొక్కావోడు గోలు కొట్టీసాడు. అందరూ ఒక్కసారే తిరిగి రమణకేసి సూసారు. "పద్మా, మీ ఆయనకి ఇక్కడ ఉక్కపోస్తన్నట్టున్నాది, కాస్త గాలికి కూకోబెట్టు" అన్నాడు సూరిగాడు. మీ పెద్దనాన్న మటుకు టీవీ మీంచి సూపు తిప్పలేదు. ఆ గుంటడే లేచి బైటకొచ్చీసాడు. కొత్తల్లుడిని ఒంటిగా బైట ఒగ్గీడం ఏటి బాగుంటాది, నానూ వచ్చి ఈ అరుగు మీదే, ఇదిగో ఈ స్తంభం కాడే కూకున్నాను.

మొకం సూస్తే పాపం ఏడుపొక్కటే తక్కువ. "నేనేం తప్పన్నాను మామ్మగారూ" అన్నాడు. నాను అంతా సెప్పాను. వేట సంగతి, మీ తాత సంగతి, సముద్రం ఇనడం. ఆడు ఇని ఇని ఏటన్నాడో తెల్సా. "మా ఇంట్లో లేదు అనే మాటే అనకూడదండి. బియ్యం అయిపోతే మా అమ్మ నిండుకున్నాయి అంటుందండి. కొట్లో సరుకు లేకపోతే రేపొస్తుంది అనాలి. చిన్నప్పుడు ఓసారి బోణీ కాకముందే లేదు అన్నానని మా నాన్న వీపు మీద ఒక్కటిచ్చారండి. చెడ్డమాట నా నోట్లోంచి రాదండి" అన్నాడు. నాకు జాలేసినాది, నవ్వూ వచ్చినాది. ఆల్లకి మంచిమాట అనకపోతే బయం, మనకి అంటే బయం. బయం ఒక్కటే, ఇళ్ళే రెండు.

"పోనీ ఇప్పుడను. ఓడిపోతాం అను సూద్దాం" అన్నాను. ఆడు గొంతు సవరించుకున్నాడు. "ఓ..." అన్నాడు. మల్లా "ఓ..." అన్నాడు. పొలమారినట్టు దగ్గాడు. "నా వల్ల కాదు మామ్మగారూ" అన్నాడు. అంతలో లోపల్నుంచి ఒకటే అరుపులు, మనోళ్ళు గోలు కొట్టారు. సమానం. పద్మ కిటికీ కాడికొచ్చి మొగుడిని లోపలికి రమ్మని సెప్పబోతే సూరిగాడు, "అమ్మా తల్లీ, ఆయన బైట ఉన్నాకే గోలు పడినాది, కదపకు" అన్నాడు. కిటికీలోంచి సూడొచ్చా అని నన్నడిగాడు రమణ. సూడు నాయనా, నోరు మటుకు మూసుకో అన్నాను.

అలగే ఆఖరికి వచ్చీసినాది. ఉంకాసేపు అలగే ఉంటే సాలు. అప్పుడు మనోడెవడో ఎదరోడిని కాలడ్డెట్టి పడగొట్టీసాడు. పెనాలిటీ అట. గోలీ ఒక్కడే ఉంటాడు, ఎదరోడొచ్చి తన్నుతాడు, పడితే అంతా పోయినట్టే.

మీ పెద్దనాన్న బైటకొచ్చీసాడు. సూడలేక. మోకాలు నొప్పి అని మమ్మల్ని నమ్మించడానికి మోకాలు రుద్దుకున్నాడు. కిటికీకి వీపు పెట్టి, స్తంభం పట్టుకోని సముద్రంకేసి నిలబడ్డాడు. నిలబడి, "ఏటవుతాది?" అన్నాడు.

నన్నే అడిగాడనుకున్నాను. జవాబు సెప్పబోయాను కూడా. అప్పుడు సూసాను, రమణ లేచి నిలబడ్డాడు. సొక్కా అంచు పట్టుకోని నలిపీస్తన్నాడు. ఆడు గుటకేసాడు, ఉంకోసారి గుటకేసాడు.

"గోలు... గోలు పడిపోతుందండి. మనం ఓడిపోతాం మావయ్యగారూ" అన్నాడు. అనీసి కళ్ళలో నీల్లు పెట్టీసుకున్నాడు గౌరీ, ఒట్టు. ఆల్ల నాన్న కొట్లో నిలబడి అన్నట్టే అనుకున్నాడేమో, ఆ మాట.

మీ పెద్దనాన్న తిరిగి ఆడి మొకంలోకి సూసాడు. పెళ్ళయ్యిన కాణ్ణించి అదే మొదలు సూడ్డం. సూస్తా ఉండగానే లోపల కప్పు ఎగిరిపోయినట్టు అరిసారు. గోలీ ఆపీసాడు. రేచీకటి గోలీయే. పద్మ పరిగెత్తుకోనొచ్చి గుమ్మంలోనే ఆగిపోయినాది, ఈల్లిద్దరినీ సూసి.

"లోపలికి రా అల్లుడూ. ఇక్కడ మంచు పడతన్నాది" అన్నాడు మీ పెద్దనాన్న.

అల్లుడూ అన్నాడు. నాను ఇన్నాను, పద్మ ఇన్నాది. ఈ గుంటడేటంతాడు? "వద్దండి మావయ్యగారూ. లోపలికొస్తే మళ్ళీ గెలుస్తామనేస్తాను. ఆట అయ్యేదాకా నన్నిక్కడే ఉండనివ్వండి" అన్నాడు. మీ పెద్దనాన్న నవ్వడం మొదలెట్టాడు. మోకాళ్ళు పట్టిన తరవాత ఆడు అలగ నవ్వడం నాను సూడలేదు. అచ్చం మీ తాత నవ్వు, తెప్ప మీంచి వెనక్కి తిరిగి నవ్వీవోడే, అదే. నవ్వి నవ్వి, వచ్చి అల్లుడి పక్కన ఇక్కడే సతికిలబడ్డాడు. మిగిలిన ఆట ఇద్దరూ టీవీ సూడలేదు, లోపలోళ్ళ అరుపులిని సరిపెట్టుకున్నారు. సమానంతోనే అయిపోయినాది. ఒడ్డున టపాసులు కాల్చారు, ఆ బెల్లం దిమ్మ పగలగొట్టి అందరికీ పెట్టారు.

అదన్నమాట సంగతి. అది సిచ్చ కాదే పిల్లా, అది ఆడి సోటు. ఉంకెవలినీ కూకోనివ్వరు. ఆట సగంలో ఆపుతారు కదా, అప్పుడు మీ పెద్దనాన్న బైటకొచ్చి "ఏటవుతాది అల్లుడూ" అంతాడు. ఆడు గుటకేసి "ఓడిపోతాం" అంతాడు. ఇన్నేళ్ళయినా ఆ మాట ఆడికి సులువుగా రాదు. అందుకే దానికంత ఇలువ. మేవంటే ఊరికే అనీస్తాం, ఆడికి పేనం మీదకొస్తాది కదా. అన్నిసార్లూ గెలుస్తారేటి అంటే, ఎక్కడ, సగంసార్లు ఓడిపోతారు. అప్పుడు సూరిగాడు ఓడిపోతామని గట్టిగా అనలేదని సూరిగాడి మీదే పడతారు. అల్లుడిని మటుకు ఏటీ అననివ్వడు మీ పెద్దనాన్న.

సరే, సానా పొద్దుపోయినాది. ఆ సెల్లు కట్టీ. కాదు, ఉండు, ఇది కూడా పడనీ అందులో. ఇలగ రా. తల వంచు.

నీకు ఆ ఉజ్జోగం రాదు. కచ్చితంగా రాదు. ఆల్లడిగిందానికి ఒక్కదానికీ జవాబు తెల్దు నీకు. ఇసాపట్నం దాకా బస్సు కర్చు దండగ, ఒట్టి సేతులతోటే ఇంటికొస్తావు.

ఏటే, నవ్వుతన్నావా ఏడుస్తన్నావా? మీ తాతక్కూడా ఇంత గట్టిగా ఎప్పుడూ సెప్పనేదు నాను. ఎల్లి పడుకో.