ఇరవై మూడో ఆట

ఆఫీసు లిఫ్టు మూడో అంతస్తు దాటింది, నాలుగోది అందుకోలేదు, మధ్యలో ఆగిపోయింది. లోపల ఇద్దరే ఉన్నారు. ఒకప్పుడు వీడియో గేముల షాపుల్లో ఆడిన పాత ఆటలన్నీ కలిపి అరచేతిలో పట్టే పరికరంలో అమ్మబోయే కంపెనీలో, ఆ ఆటలను పరీక్షించే అమ్మాయి ఒకరు. ఆ ఆటల్లో ఒకదాన్ని ముప్ఫై ఐదేళ్ల కిందట తయారుచేసిన ఆమె మేనమామ ఇంకొకరు.

"చెప్పానా లేదా? మెట్లెక్కుదామని చెప్పానా లేదా?"

"చెప్పావు మావయ్యా."

"నాలుగంతస్తులేగా అన్నాను."

"అన్నావు. మోకాళ్లు పట్టేశాయని లిఫ్టు ముందు నిలబడిందీ నువ్వే."

"నిలబడ్డాను. ఎక్కుతానన్నానా? నువ్వు చెయ్యి పట్టుకుని లాగావు. ఇందులో గాలి ఎంతసేపుంటుందే?"

"సాయంత్రం దాకా ఉంటుంది. పైన చూడు, జాలీ ఉంది."

"దానికి బూజు పట్టింది."

"బూజులోంచి కూడా గాలి వస్తుంది. పై గుండీ విప్పుకో. ఆగు, నేను విప్పుతాను."

"నేను విప్పుకోగలను."

"నీ చెయ్యి..."

"నా చేతికేం కాలేదు. పొద్దున మీ అత్తయ్య గట్టిగా పెట్టింది, అంతే. నువ్వా ఎర్ర బటన్ నొక్కు."

"నొక్కుతూనే ఉన్నా. అన్నా! వాచ్‌మన్ అన్నా! వినిపిస్తోందా?"

"ఎవరండీ? లిఫ్టులో ఎవరైనా ఉన్నారా?"

"లేకపోతే ఈ బటన్ ఎవరు నొక్కుతారన్నా? టెస్టింగ్ అమ్మాయిని. మా మావయ్య కూడా ఉన్నాడు."

"అయ్యో మేడమ్! మెకానిక్కి ఫోన్ చేశాం. బయల్దేరాడు."

"ఎంతసేపట్లో వస్తాడు?"

"గంట అన్నాడండీ. ఆయన గంటంటే మనం గంటన్నర అనుకోవాలి."

"గంటన్నరా! అమ్మడూ, గంటన్నరటే! ఇందులో!"

"నువ్వు కంగారు పడకు మావయ్యా. ఫోన్ చూస్తానుండు... సిగ్నల్ లేదు. పర్లేదు, మనకి పైన తొందర పనేం లేదుగా. పన్నెండింటికి మాస్టర్ కాపీ ఫ్యాక్టరీకి పంపేస్తారు, అందరూ చప్పట్లు కొట్టి కేకు కోస్తారు. కేకు మాత్రమే పోతుంది మనకి."

"కేకు నాకెలాగూ పెట్టరు, షుగరు."

"అదీ. నవ్వావు. కింద కూర్చో. కాళ్లు చాపుకో."

"గోడలు దగ్గరికొస్తున్నట్టు లేదూ?"

"స్టీలు గోడలు మావయ్యా, ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని చూడకు. ఇదిగో, ఇది పట్టుకో. ఫ్యాక్టరీకి వెళ్లేది అచ్చం ఇదే. ముప్ఫై రెండు ఆటలు. నీది ఇరవై మూడోది, పెడతానుండు."

"అది వద్దే."

"ఎందుకు?"

"వేరేది పెట్టు. కారు రేసేదైనా పెట్టు."

"నీ ఆట ఉండగా కారు రేసెందుకు?"

"నేను చేసింది నేనే ఆడుకోవడమేంటి, బాగోదు."

"ఇక్కడ చూసేవాళ్లెవరు? నేనేగా. పెట్టేశాను. ఆడు."

"నీది మొండితనమే. అచ్చం మా అక్క పోలిక."

"మీ అక్క కూతుర్నేగా మరి. గని దొంగ వచ్చేశాడు చూడు, లాంతరు పట్టుకుని. పరిగెత్తించు!"

"పరిగెత్తిస్తున్నాను. అరవకు, చెవి పక్కనే."

"ఇంత చిన్న తెరలో బాగా కనిపిస్తోంది కదా?"

"కనిపిస్తోంది. షాపులో ఆ పెద్ద పెట్టె ముందు నిలబడి, దానికుండే కర్ర పట్టుకుని తిప్పుతూ ఆడితే ఆ తీరే వేరు. ఈ ఆట ఎలా చేశానో తెలుసా నీకు?"

"వందసార్లు చెప్పావు. మూడు నిమిషాలు."

"మూడు నిమిషాల్లో చావాలి! షాపు ఓనరు వాచీ చూసుకుంటూ నా వెనకే నిలబడేవాడు. కుర్రాడు నాలుగు నిమిషాలు ఆడాడంటే నాకు చీవాట్లు. రెండో రూపాయి బిళ్ళ ఎప్పుడు వేస్తాడయ్యా, వీడు ఇక్కడే కాపురం పెట్టేట్టున్నాడు అనేవాడు. ప్రతి స్టేజీలోనూ బండలు పడతాయి, నాలుగో స్టేజీలో మూల నుంచి ఇంకోటి పడేట్టు పెట్టింది అందుకే. దాన్ని దాటినవాడు లేడు."

"నువ్వు?"

"ఒక్కసారి. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు."

"ఇప్పుడు ఎన్నో స్టేజీలో ఉన్నావు?"

"ఊఁ?"

"ఎన్నో స్టేజీ అంటున్నా."

"చూడలేదు."

"పైన మూలన ఉంటుంది. ఏదీ ఇలా తిప్పు... ఆరు! మావయ్యా, ఆరో స్టేజీ!"

"అలాగా."

"అలాగా ఏంటి? మూడు నెలల్నుంచి గ్లాసు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి నీకు. ఆరో స్టేజీకి ఎలా వెళ్లావు?"

"ఇవాళెందుకో చేతులు కాస్త మాట వింటున్నాయి."

"కొత్త మందు పనిచేస్తోంది! నేను చెప్పలేదూ? అత్తయ్యకి చెబితే ఎగిరి గంతేస్తుంది. ఏడుపొస్తోంది మావయ్యా నాకు, నిజంగా."

"ఏడవకే. ఇక్కడసలే గాలి తక్కువ."

"సరే, ఏడవను. ఆడు, ఆడు. నేను మాట్లాడను... ఆగు. ఆ బండ..."

"ఏ బండ?"

"ఇప్పుడు పడింది చూడు. నీ నెత్తిమీదే పడింది."

"పక్కన పడింది."

"లేదు మావయ్యా, సరిగ్గా నడినెత్తిన..."

"తప్పుకున్నాను. నీకు సరిగ్గా కనపడలేదు. ఇక్కడ వెలుతురేదీ?"

"ఇదిగో, ఇంకోటి."

"దీన్నీ తప్పుకున్నాను."

"ఊఁ."

"ఏంటే? మాట్లాడవేం?"

"ఏం లేదు. బాగా ఆడుతున్నావు."

"నిజంగానా?"

"నిజంగా. నువ్వలా ఆడుతూ ఉండు. టైమెంత... పదకొండూ ఇరవై. అన్నా! వాచ్‌మన్ అన్నా!"

"చెప్పండి మేడమ్. మెకానిక్ ఇంకా రాలేదు."

"మెకానిక్ సంగతి తర్వాత. నీ దగ్గర పైకి మాట్లాడే ఫోనుందిగా. నాలుగో అంతస్తులో టెస్టింగ్ లీడ్ సారుకి చేసి, మాస్టర్ పంపొద్దు, నేను ఆపమన్నానని చెప్పు."

"మాస్టర్ ఎవరండీ?"

"మనిషి కాదన్నా. ఆటల అసలు కాపీ. పంపొద్దను, అంతే."

"ఉండండి, చేస్తాను."

"ఎందుకే ఆపడం?"

"చిన్నది మావయ్యా. ఒకచోట అక్షరం తప్పు పడింది."

"అక్షరం తప్పుకి ఆపుతారా? పోనిద్దూ. ఎవడు చూస్తాడు?"

"చూస్తారు."

"చూస్తే కంపెనీని తిట్టుకుంటారు. నీకేం?"

"కంపెనీ నన్ను తిడుతుంది. ఒక్కో ఆటకీ ఒక్కో కాగితం ఉంటుంది. ఇది నేను పరీక్షించాను, బాగుంది అని కింద సంతకం. ఈ ఆటకి... అంటే ఆ అక్షరం తప్పున్న ఆటకి సంతకం నాది."

"నీ ఒక్కదానిదేనా?"

"నా ఒక్కదానిదే."

"ఉద్యోగం పోయేంత పనా?"

"లక్ష కాపీలు అచ్చవుతాయి మావయ్యా. పోదూ మరి?"

"లక్షా?"

"లక్ష. నువ్వెందుకు ఆపేశావు? ఆడు."

"ఆడుతున్నా. ఆడుతూనే ఉన్నా."

"మేడమ్, సారు కారణం అడుగుతున్నారండీ."

"పైకొచ్చి చెప్తానని చెప్పన్నా."

"అదీ చెప్పానండీ. కారణం తెలీకుండా ఆపను, ఇవాళ దాటితే ఫ్యాక్టరీలో మన వంతు మళ్లీ రెండు నెలలకి గానీ రాదు, ఊరికే ఆపితే తన తల తీస్తారు అన్నారు. కోపంగా ఉన్నారండీ."

"పెద్ద తప్పుందని చెప్పు."

"ఏ తప్పని అడుగుతారు కదండీ."

"చిన్న అక్షరం అన్నావు?"

"మావయ్యా, నువ్వాగు. అన్నా, ఒక్క నిమిషం లైన్లోనే ఉండు. మావయ్యా, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవా? శబ్దం భలే ఉంటుంది. గని దొంగ అడుగుల చప్పుడు కూడా వినిపిస్తుంది."

"నాకెందుకే అవి?"

"పెట్టుకో. పైవాళ్లు నన్ను తిడుతుంటే నువ్వు వినడం నాకిష్టం లేదు. ఇలా తిరుగు, నేను పెడతాను. రెండో చెవి. వినిపిస్తోందా? మావయ్యా? వినిపిస్తోందా?"

"ఏంటీ? పాటొస్తోంది! బాగుంది!"

"అరవకు! ఆడుకో. అన్నా, ఉన్నావా? నేను గట్టిగా మాట్లాడలేను, జాగ్రత్తగా విను. రాసుకో."

"పెన్ను వెతుకుతున్నానండీ."

"తొందరగా."

"ఇది రాయట్లేదు. ఉండండి... ఆఁ, చెప్పండి."

"ఇరవై మూడో ఆటలో చావు లేదు. అలాగే రాయి."

"చావు లేదు. మంచిదేగా మేడమ్?"

"మంచిది కాదన్నా. చస్తేనే ఆ ఆట అయిపోతుంది. అయిపోతేనే బయటికొచ్చి ఇంకో ఆటకి వెళ్లేది. చావకపోతే అందులోనే తిరుగుతుండాలి. కొన్నవాళ్లు పరికరం ఆపేసి మళ్లీ పెట్టుకోవాలి. అర్థమైందా?"

"అంటే ఈ లిఫ్టు లాగానా?"

"అచ్చం ఈ లిఫ్టులాగే. పరీక్షించేవాళ్లం చివరి స్టేజీ దాకా వెళ్లాలని లోపల ఒక స్విచ్ ఉంటుంది, ఆట చేసినవాళ్లే పెడతారు. అది వేస్తే ఎన్ని బండలు పడ్డా చావం. పరీక్ష అయ్యాక తీసెయ్యాలి. బుధవారం నేను వేశాను. తీసేశాననే అనుకున్నాను... రెండుసార్లు చూసుకున్నట్టు కూడా గుర్తు. కానీ తియ్యలేదన్నమాట. నా మెమరీ కార్డులోంచే మాస్టర్ కాపీ తీశారు."

"ఇదంతా రాయాలా మేడమ్?"

"ఇరవై మూడో ఆటలో స్విచ్ వేసి ఉంది, తప్పు నాదే. అంతే రాయి. నా తప్పని చెప్పు, లేకపోతే సారు ఆపరు. ఎవరి తప్పో తెలిసేదాకా కదలరాయన."

"రాశానండీ."

"ఇంకోటన్నా. లిఫ్టు తలుపు తెరిచినప్పుడు ఇక్కడెవరూ ఈ మాట ఎత్తొద్దను. మా మావయ్య ఈ ఆట చేసినాయన. చేతులు వణుకుతున్నాయి కొన్నాళ్లుగా. ఇప్పుడు తొమ్మిదో స్టేజీలో ఉన్నాడు. తన చేతులు బాగుపడ్డాయనుకుంటున్నాడన్నా. ఇంటికెళ్లేదాకా అయినా అలా అనుకోనిద్దాం."

"అయ్యో. అలాగే మేడమ్. ఉండండి, పైకి చేస్తున్నా."

"టైమెంత... పదకొండూ నలభై."

"ఏమంటున్నారే?"

"వినిపించట్లేదుగా నీకు? ఏం అనట్లేదు! ఆడుకో!"

"తొమ్మిది అయిపోయింది. పదో స్టేజీ!"

"అబ్బో! పదే! కానీ, కానీ!"

"చెమటలు పడుతున్నాయేంటే నీకు?"

"ఉక్కగా ఉంది. తెర చూడు, నన్ను చూడకు."

"మేడమ్."

"చెప్పన్నా, చెప్పు."

"ఆపేశారండీ. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఆపారు."

"హమ్మయ్య."

"సారు బాగా అరిచారండీ. మీ పేరు రాసుకున్నారు. పెద్ద మేనేజరు గారికి పంపే కాగితంలో మీ పేరే వెళ్తుందట. పైకి రాగానే నేరుగా ఆయన గదికి రమ్మన్నారు. మీ సంచీ, ఐడీ కార్డు కూడా తీసుకుని రమ్మన్నారు."

"సరే."

"ఏమైనా చెప్పమంటారా మేడమ్?"

"వద్దన్నా. థాంక్స్."

"మెకానిక్ గేటు దగ్గరకొచ్చాడు. ఇంకో పది నిమిషాలు."

"సరే అన్నా."

"అమ్మడూ."

"ఏంటి మావయ్యా? ఇయర్‌ఫోన్లు తీసేశావేం?"

"ఐడీ కార్డు ఎందుకట?"

"నీకెలా... పాట రావట్లేదా?"

"పాట తగ్గించేసి చాలాసేపైంది."

"ఎంతసేపు?"

"వాడు పెన్ను వెతుకుతున్నప్పట్నుంచి."

"మావయ్యా, చూడు, నీ చేతులు నిజంగానే... స్విచ్ ఉన్నా సరే, పరిగెత్తించింది నువ్వేగా..."

"మాటలు చెప్పకు. బండ నడినెత్తిన పడింది. మొదటి స్టేజీలోనే పడింది, నువ్వు చూడలేదు."

"అంటే నీకు ముందే తెలుసా?"

"నా బండ ఎక్కడ పడుతుందో నాకు తెలీదటే?"

"మరి చేతులు మాట వింటున్నాయన్నావు. ఎందుకన్నావు?"

"నువ్వు సంతోషపడ్డావు. తర్వాత నోరు రాలేదు. ఆ ఎర్ర బటన్ నొక్కు."

"ఎందుకు?"

"నొక్కవే. నా వేలు దాని మీద నిలవట్లేదు, చూస్తున్నావుగా."

"మావయ్యా, అయిపోయింది, వదిలెయ్యి. కాపీ ఆగిపోయింది. ఇంకో ఉద్యోగం చూసుకుంటాను. నువ్వెళ్లి ఏం చెప్పినా..."

"నొక్కు అమ్మడూ."

"సరే, నొక్కాను. మాట్లాడు."

"మేడమ్? చెప్పండి మేడమ్."

"బాబూ, నేను వాళ్ల మావయ్యని. సారుకి ఇంకో మాట చెప్పు. ఆ పిల్ల పేరు కొట్టెయ్యమను. గురువారం నా ఆట చూసి, అమ్ముకోవడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టడానికొచ్చి, మొదటి స్టేజీలోనే పదకొండుసార్లు చచ్చి, ఈ పిల్ల నాకు టీ తేవడానికి బయటికెళ్లినప్పుడు ఆ స్విచ్ వేసుకున్నది నేను."