తాయవ్వ బండి మరిగిన ఏడు

ఏందిరా దయానందూ, మళ్లొకసారి అను. బండి మరిగితే వాల్వు పీకి పారేస్తే అయిపోతదా? ఎవడు చెప్పిండు నీకు? మేస్త్రీ చెప్పిండా? చెప్తడు, వానికేం పోతది. కూసో. చాయ్ సల్లారితే సల్లారనియ్యి. నాకు సంతకం తప్ప అచ్చరం ముక్క రాదు, గని ఇంజన్ ఎందుకు మరుగుతదో నాకు తెల్సు. మా తాయవ్వక్కను సూసి నేర్చుకున్న. నా తోడికోడలు, మీ తాతకు వదినె, నీకు పెద్దవ్వ అయితది. నువ్వు పుట్టకముందే పోయింది. ఫోటో గూడ లేదు ఆమెది, దిగేది కాదు. 'నా మొఖం నాకు తెల్సు, ఇంకొకనికి ఎందుకు' అనేది. పొడుగు మనిషి, నడిచి వస్తాంటే మొగోళ్లు పక్కకు జరిగేటోళ్లు. వంకాయ కోస్తే ముక్కలన్నీ ఒక్క తీరే ఉండాలె, లేకుంటే నా చేతిలకెళ్లి కత్తిపీట గుంజుకునేది. నాకు మస్తు కోపమొచ్చేది. ఇప్పుడు నేను నా కోడండ్లను గట్లనే సతాయిస్తున్ననంటరు. అననియ్యి.

ఆమె పెనిమిటి గుండప్ప బావ. ట్రాక్టర్ ఆయనదే, ఆయనే తెచ్చిండు, మా ఊళ్ళె అప్పటికి ఇంకొకటి లేదు. ఎప్పుడు సూసినా దాని కిందనే పండుకొని ఏదో బిగిస్తుండె. పిల్లల్లేరు వాళ్లకు, ఆ బండే పిల్ల అనుకో. కోతలైనంక బీడు చెల్కల తాయవ్వక్కను ఎక్కిచ్చి నడుపుడు నేర్పిండు, గని రోడ్డెక్కనియ్యలే, జనం నవ్వుతరని. సరే. ఒక వానకాలం జొరమొచ్చి బావ పోయిండు. బీదర్ దవాఖానకు తోల్కపోయేలోపలనే పోయిండు. మా అత్తమ్మ, ప్రేమమ్మ, ఆయన నొసటి మీద చెయ్యి పెట్టుకొని కూసున్నది, 'కాలుతాంది, కాలుతాంది' అనుకుంట. ఏడాది తిరిగినంక సంవత్సరీకం చేసిండ్రు. అప్పుడు అత్తమ్మ ఏం చేసిందంటే, బీదర్ల బోర్డులు రాసేటాయనతోని పెద్ద రేకు మీద కొడుకు మొఖం గీపిచ్చి తెచ్చింది. మీసాలు, రుమాలు, ఆ ఎగేసి సూసే సూపు, బరాబర్ బావనే. కింద పేరు గూడ రాపిచ్చింది. ఆ రేకును ట్రాక్టర్ ముక్కుకు, ముంగట జాలీ ఉంటది సూడు, ఆ జాలీకి బోల్టులు పెట్టి బిగిపిచ్చింది. 'నా కొడుకు బండికి నా కొడుకే ముంగట ఉండాలె' అన్నది. ఎవరు కాదంటరు? ఊరంత దండం పెట్టింది. నేను గూడ పెట్టిన. రోజూ తెల్లారంగనే లేసి, ఆ రేకుకు బొట్టు పెట్టి, సెరగుతోని దుమ్ము తుడిచినంకనే అత్తమ్మ నోట్ల నీళ్లు పోసుకునేది.

అటెన్క బండి కొట్టంలనే ఉన్నది, ఎప్పుడన్న ఖాళీ ట్రాలీతోని చేను దాంక పోయొచ్చుడే. ఏం కిరికిరి లేదు. చెరుకు కొట్టుడు మొదలైనంక తాయవ్వక్క అన్నది, 'బండి నేను నడుపుత, ఊరోళ్ల చెరుకు ఫ్యాక్టరీకి నేనే తోల్త' అని. మీ తాత నవ్విండు. 'ఆడామె పోయి ఫ్యాక్టరీ ముంగట లైన్ల నిలబడతదా?' అన్నడు. నిలబడ్డది, ఏమైంది? గని మొదటి లోడుకే, హుల్సూర్ దిక్కు రోడ్డు ఎత్తు మీదికి పోతది సూడు, ఆ ఎక్కుడు నడుమ మరిగింది. మీటరు ముల్లు ఎర్ర దాంట్లకు పోయింది, ఆవిరి బుస్సుమన్నది, నీళ్లు మూత తోసుకొని బయట పడ్డయి. తర్వాతి లోడుకూ అంతే. ఇగ మీ తాతకు సందు దొరికింది. 'వదినె, బండి పని అయిపోయింది, అమ్మేద్దాం. నువ్వు జర కొన్ని రోజులు పుట్టింట్ల ఉండి రా.' కొన్ని రోజులంట! నేను వాకిట్ల బియ్యం చెరుగుతున్న, నా చెవులతోని విన్న. బసవకళ్యాణ్ దిక్కు ఆమె పుట్టిల్లు, అన్నల రాజ్యం. పోయినంక మళ్ల ఎవడు పిలుస్తడు? పిల్లలు లేని మనిషి, ఆ బండి గూడ లేకుంటే ఈ ఇంట్ల ఏ మూలకు కూసుంటది? ఆమెకు తెల్సు ఆ సంగతి. ఏడ్వలే, కొట్లాడలే. 'వచ్చే అమాస దాంక ఆగు. అప్పటికి నిండు లోడు మరగకుండ ఫ్యాక్టరీకి చేరకుంటే నువ్వన్నట్టే చెయ్యి' అన్నది.

గప్పుడు పిలిచిండ్రు శివానంద్ మేస్త్రీని. భాల్కి రోడ్డుకు షెడ్డు ఉండె వానిది. ఆ పేరు తీస్తే నాకు ఇప్పటికీ అన్నం సయించదు. వాని బిడ్డ పెండ్లికి పిలిచిండు, పోలే. వాని దినాలకు గూడ పోలే నేను. వచ్చిండు, కూసున్నడు, పానా తీసిండు, వాల్వు పీకి బురదల ఇసిరేసిండు. వాల్వు అంటే ఏంది? ఇంజన్ సల్లగున్నంతసేపు నీళ్లను ఆపుతది, వేడెక్కంగనే తెరుసుకొని రేడియేటర్ కు తోలుతది. అది లేకుంటే ఆ ఇంజన్ల సగం నీళ్లు పక్కదారిలనే తిరుగుతయి, సల్లారనే సల్లారయి. వాడేమో 'ఇగ మరగదు పో' అన్నడు. మర్నాడు ఎక్కుడు సగం గాకముందే మరిగింది. మళ్ల పిలిస్తే అంటడు, 'ఇంజన్ల సత్తువ లేదక్కా, మా బామ్మర్ది పాత సామాను తీసుకుంటడు, చెప్పమంటవా?' సూసినవా? ఒక చేత్తోని పీకుడు, ఇంకో చేత్తోని బేరం. తాయవ్వక్క బురదలకెళ్లి ఆ వాల్వు ఏరి, కడిగి, సెరగుతోని తుడిచి, వాని అరచేతిల పెట్టింది. 'పెట్టి పో.' 'అది అవసరం లేదక్కా...' 'నా బండిల ఏది ఉండెనో అది ఉండాలె. పెట్టి పో.' పెట్టిండు. మూతి ముడుచుకొని పోయిండు. మీ తాత ఊకున్నడా? రేడియేటర్ కారితే పసుపు పోస్తే ఆగుతదని ఎవడో చెప్పిండట. అరె, కారుతలేదు కదనయ్యా! అయినా పోసిండు. నా వంటింట్ల డబ్బాకు డబ్బా ఖాళీ చేసిండు. రేడియేటర్ల నీళ్లు పప్పుచారు లెక్క అయినయి. మళ్ల అంగడి వచ్చేదాంక ఆయనకు పసుపు లేని తెల్ల కూరనే పెట్టిన. మెల్లగ తిన్నడు.

ఇగ తాయవ్వక్క జిద్దు పట్టింది. 'ఒకటొకటే సూస్త సంగీ. రెండు కలిపి ముట్టుకుంటే ఏది తప్పో తెల్వది' అన్నది నాతోని. ముందుగాల ఆ పసుపు నీళ్లు ఇడిచి, తేట నీళ్లు వచ్చేదాంక రేడియేటర్ ను కడిగింది. బోరు నీళ్లు లోపల సున్నం కడతయని, బాయి నీళ్లు బట్టల వడగట్టి పోసింది. బెల్టును బొటన వేలుతోని వొత్తి సూసింది, బిర్రుగనే ఉన్నది. తెల్లారి ఇంజన్ సల్లగున్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేసి నన్ను పిలిచింది. 'బుడగలు వస్తున్నయా సూడు. నేను రావద్దు రావద్దు అనుకుంట సూస్తున్న, నా కండ్లను నేను నమ్మ.' బుడగలు వస్తే హెడ్డు కింద ప్యాకింగు పోయినట్టు. రాలే. నూనె పుల్ల గుంజి సూసింది. నీళ్లు కలిస్తే పాల తీరు తెల్లగయితది, నల్లగనే ఉన్నది. ఇంజన్ వేడెక్కినంక బంద్ చేసి, రేడియేటర్ మీద చెయ్యి ఆనిచ్చి సూసింది. ఎక్కడన్న సల్లగుంటే అక్కడ నీళ్లు పోతలేవన్నట్టు. అంతట ఒక్క తీరే కాలింది. ఒక్కొక్కటి సూసుడు, లోడు కట్టుడు, మళ్ల ఆ ఎక్కుడు మీద మరుగుడు. రోడ్డు మీద పోయేటోళ్లు, 'ఏం తాయవ్వా, చాయ్ పెట్టినవా?' అని నవ్వుతుండ్రి. 'చక్కెర తెండ్రి, పోస్త' అనేది. మొఖం మీద ఒక్క గీత మారేది కాదు. ఇంటికొచ్చినంక మాత్రం, చేతులు కడిగిందే కడిగేది. అన్నీ సూసింది మా అక్క. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటికి మేమందరం రోజూ దండం పెడుతున్నం.

అమాస దగ్గరికొచ్చింది. ఒకనాడు మాపటీలి, మరిగిన బండిని మెల్లగ నడుపుకుంట వచ్చి కొట్టం ముంగట ఆపింది. మా అత్తమ్మ పొద్దున బొట్టు పెట్టుడే గని, మాపున బండి జోలికి రాదు. ఆనాడెందుకో వచ్చి కొడుకు మొఖం మీద చెయ్యి పెట్టింది. పెట్టి కెవ్వుమన్నది. 'అయ్యో, నా కొడుకు కాలుతుండు! మళ్ల జొరమొచ్చింది నా కొడుకుకు!' నేను ఉరికొచ్చిన. ముసలిదానికి మతి పోయిందన్నడు మీ తాత. తాయవ్వక్క బండి దిగి, అత్తమ్మ చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది. ఎంతసేపో తియ్యలే. పెనిమిటి మొఖం మీద చెయ్యి పెట్టి నిలబడ్డది, ఇగ ఏడుస్తదేమో అనుకున్న. ఏడ్వలే. సూదిల దారం ఎక్కిస్తున్నట్టు కండ్లు చిన్నగ చేసింది. అందరికన్న ముంగట ఉన్న రేకు. గాలి తగిలే రేకు. అది ఎందుకు కాలాలె?

తెల్లారి ఇంజన్ స్టార్ట్ చేసి అత్తమ్మను పిలిచింది. ఎండిన జొన్నాకు ఒకటి ఆమె చేతిల పెట్టింది. 'నీ కొడుకు ముంగట పట్టి ఇడువు.' ఇడిచింది, ఆకు కింద పడ్డది. 'ఇప్పుడు ఈ అంచుకు, రేకుకూ జాలీకీ నడుమ సందు ఉన్నది సూడు, ఆడ పట్టు.' పట్టిందో లేదో, ఆకు చేతిలకెళ్లి ఊడి జాలీకి అతుక్కున్నది. 'లోపల ఫ్యాన్ ఉన్నదత్తమ్మా. అది ముంగటి గాలిని గుంజితేనే నీళ్లు సల్లారుతయి. మనం దాని ముక్కు మూసినం. ఖాళీగ తిరిగితే ఓర్చుకుంటాంది, బరువు పడితే ఉడుకుతాంది.' అత్తమ్మ మొద్దు మనిషి కాదు, అర్థమైంది. అర్థమైంది కాబట్టే కోపమొచ్చింది. 'అంటే నా కొడుకు అడ్డమంటవా? ఇంట్లకెళ్లి పోయిండు, ఇప్పుడు బండి మీదికెళ్లి గూడ తీస్తవా వాణ్ణి?' తాయవ్వక్క అన్నది, 'నేను తియ్య. నువ్వు పెట్టినవ్, నువ్వే తియ్యాలె. ఇష్టం లేకుంటే ఉండనియ్యి. అమాసకు బండి అమ్ముతరు. కొన్నోడు దీన్ని విప్పి ఏ మూలకు ఇసిరేస్తడో నువ్వే అనుకో.' అని, పానా అత్తమ్మ ముంగట నేల మీద పెట్టి, పేడ ఎత్తనీకి పోయింది.

అత్తమ్మ ఆ పానా ముంగటనే కూసున్నది. రొట్టె తిననీకి పిలిచిన, రాలే. ఎండ నెత్తి మీదికొచ్చినంక లేసింది. పానా పట్టుకున్నది గని ఎటు తిప్పాల్నో తెల్వది, ఇంకింత బిగిస్తాంది. నేను పోతే 'నువ్వు ముట్టకు' అని కసురుకున్నది. తాయవ్వక్క పెంట కాడ నిలబడే, ఎన్కకు గూడ తిరగకుండ, 'అటు కాదత్తమ్మా, ఎడమకు' అన్నది. విప్పింది. ఆఖరి బోల్టు ఊడంగనే రేకు జారబోయింది, రొమ్ముకు ఆనిచ్చుకొని పట్టుకున్నది. అట్లనే ఇంట్లకు తీసుకపోయి, తన మంచం తలాపున గోడకు ఆనిచ్చింది. తాయవ్వక్కతోని ఒక్క మాట మాట్లాడలే. ఈమె గూడ పలకరియ్యలే. ఇద్దరూ ఇద్దరే.

మర్నాడు లోడు కట్టిండ్రు, నిండు లోడు. మీ తాత, 'నేను గూడ వస్త, ముల్లు నేనే సూస్త' అని ఎక్కి మడ్గార్డు మీద కూసున్నడు. ఎక్కుడు మొదలైంది. ముల్లు లేసింది, నడిమికొచ్చింది, ఆడనే నిలబడ్డది. తాయవ్వక్క ముల్లు దిక్కు సూడలేదంట, మీ తాత దిక్కే సూసిందంట. ఆయన తలకాయ కిందికేసుకున్నడంట. ఈ ముచ్చట ఆయనెందుకు చెప్తడు, ఆమె చెప్పింది. వాపస్ వచ్చేటప్పుడు శివానంద్ షెడ్డు ముంగటికి పోయి మరీ బండి ఆపి, ఇంజన్ బంద్ చెయ్యకుండనే నీళ్లు అడిగింది. వాడు సంబరంగ బకెట్ ఎత్తుకొని ఉరికొచ్చిండు. 'బకెట్ ఎందుకయ్యా? బండికి కాదు, నాకు. చెంబుల తే' అన్నది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గడప మీద కూసున్నది. మొఖం అటు పెట్టుకొనే అడిగింది, 'మరిగిందా?' 'మరగలే.' అత్తమ్మ కొంగు సదురుకున్నది, గడప మీద లేని దుమ్ము తుడిచింది. మళ్ల, 'రేపు గూడ నువ్వే పోతవా?' 'రోజూ నేనే పోత అత్తమ్మా.' 'అయితే సంగమ్మా,' అన్నది నా దిక్కు తిరిగి, 'పిండి ఎక్కువ కలుపు. బండి నడిపే మనిషి రెండు రొట్టెలతోని ఆగదు.'

...

ఏంది? ఎందుకు ఊకున్ననంటవా? ఏం లేదు, ఊకనే. అగో, మబ్బు పట్టింది సూడు. మిద్దె మీద కందులు ఎండబోసిన. లే, లే, ఆ తాడుపత్రి అందుకో.